గాయం విశాఖలో అయినా పరిహారం సొంత జిల్లాలోనే అడగవచ్చు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి పని కోసమో, చదువు కోసమో, వైద్యం కోసమో విశాఖపట్నం వెళ్లి అక్కడి రోడ్ల మీద గాయపడుతున్నవారికి చట్టం ఇప్పటికే ఇచ్చిన హక్కు చేతికి అందకుండానే జారిపోతోంది. ఈ సంగతిని అధికారుల దృష్టికి, అంతకన్నా ముఖ్యంగా మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. జిల్లా కోర్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, మోటారు ప్రమాద పరిహార కేసుల ఫైళ్లు చూసే సెక్షనులో చాలాకాలం పనిచేసి విజయనగరంలోనే పదవీ విరమణ చేశాను. ఏ కాగితం ఉంటే కేసు నిలబడుతుందో, ఏ కాగితం లేకపోతే నీరుగారిపోతుందో ఆ బల్ల దగ్గర కూర్చుని చూసినవాణ్ణి గనుక, చెప్పవలసిన బాధ్యత ఉందనిపించింది.

ముందుగా, చాలామందికి తెలియని ఒక విషయం. ప్రమాదం విశాఖలో జరిగితే కేసు కూడా విశాఖలోనే వేయాలని మన పల్లెల్లో అందరూ అనుకుంటారు. రోజు కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, వాయిదా వాయిదాకీ అంత దూరం ఎవరు తిరుగుతారని అక్కడితోనే ఆశ వదులుకుంటారు. నిజానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని 166వ సెక్షను ప్రకారం గాయపడిన వ్యక్తి ప్రమాదం జరిగిన చోట గాని, తాను నివసించే చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని ఉన్న, ఇలాంటి పరిహారాన్ని తేల్చే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అంటే గజపతినగరం మనిషి మద్దిలపాలెం కూడలిలో గాయపడితే విజయనగరం జిల్లా కోర్టు ప్రాంగణంలోని ట్రిబ్యునల్లోనే పిటిషను వేయవచ్చు. ఫిర్యాదు సంగతీ అంతే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వాళ్లు దాన్ని నమోదు చేసి సంబంధిత స్టేషనుకు పంపాలి. "అది మా పరిధి కాదు, విశాఖ వెళ్లండి" అనే జవాబుకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు.

చేతికందవలసినది ఎలా చేజారుతుందో ఒక కుటుంబం అనుభవం చెబితే స్పష్టంగా అర్థమవుతుంది. మా ప్రాంతానికి చెందిన ముప్ఫై నాలుగేళ్ల తాపీ మేస్త్రీ ఒకరు కొమ్మాది వైపు అపార్టుమెంటు పని ముగించుకుని, చీకటి పడ్డాక రోడ్డు దాటుతుండగా సరుకుల వ్యాను ఢీకొట్టింది. కుడి మోకాలు నుజ్జయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లిన తోటి కూలీ, పోలీసు కేసైతే తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో, డ్యూటీ డాక్టరు అడిగినప్పుడు "పరంజా మీంచి జారి పడ్డాడు" అని చెప్పాడు. ఆ మాటే రిజిస్టరులోకి ఎక్కింది, ఆ తరువాత డిశ్చార్జి కాగితంలోకీ ఎక్కింది. మూడో రోజున వ్యాను యజమాని వచ్చి ముప్ఫై వేల రూపాయలు చేతిలో పెట్టి, ఖాళీ కాగితం మీద భార్య చేత సంతకం చేయించుకున్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చేసరికి ఏడు నెలలు దాటిపోయాయి. పాలిథిన్ సంచిలోంచి మందుల బిల్లులు తీసి బల్ల మీద పరిచింది. సగం బిల్లుల మీద అక్షరమే లేదు. మెషీనులోంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీది అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుందని, వచ్చిన రోజే జిరాక్సు తీయించుకోవాలని ఆమెకు చెప్పినవారు లేరు. "మాకేటి తెలుసు బాబూ, సంతకం ఎట్టమంటే ఎట్టీసినాను" అన్న ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ కుటుంబం పోగొట్టుకున్నది ఎంతో లెక్క వేసి చూపడం అవసరం, ఎందుకంటే ముప్ఫై వేలకు రాజీపడేవాళ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పరు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసును బట్టి గుణకాన్ని, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చవేయాలో ఆ అంకెను, స్థిరపరిచింది. 31 నుంచి 35 ఏళ్ల వారికి అది 16. సొంతంగా సంపాదించుకునేవారికి, నలభై ఏళ్ల లోపైతే, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. శాశ్వత వైకల్యం మిగిలిన గాయాల కేసులకూ ఈ పెంపు వర్తిస్తుందని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసు తీర్పులో స్పష్టమైంది. మేస్త్రీ నెల సంపాదన పదిహేను వేలు అనుకుందాం. నలభై శాతం కలిపితే ఇరవై ఒక్క వేలు, ఏడాదికి 2,52,000. పదహారుతో హెచ్చవేస్తే 40,32,000. సంపాదించే శక్తిలో 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ తేల్చినా ఈ ఒక్క పద్దు కిందనే 12,09,600 రూపాయలు రావాలి. వైద్య ఖర్చులు, నొప్పి బాధలకు ఇచ్చేది, మంచాన ఉన్న నెలల కూలి నష్టం ఇందులో చేరలేదు. పైగా ఆ శాతం కూడా డాక్టరు రాసిన వైకల్య శాతమే కానక్కరలేదు. చెయ్యి పోయిన గుమాస్తాకూ, చెయ్యి పోయిన డ్రైవరుకూ లేదా వడ్రంగికీ నష్టం ఒకటి కాదని, మనిషి చేసే పనిని బట్టి సంపాదన శక్తి నష్టాన్ని అంచనా వేయాలని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. మోకాలు వంగని మనిషి పరంజా ఎక్కలేడు. వైద్యుల లెక్కలో ముప్ఫై శాతమైనా, తాపీ పట్టి బతికేవాడికి అది అంతకు రెట్టింపు నష్టం కావచ్చు.

కూలి చేసుకునేవాడికి జీతం చీటీ ఎక్కడుంటుందని అడుగుతారు. లేకపోయినంత మాత్రాన కేసు కొట్టేయరు. పని స్వభావాన్ని, కనీస వేతనాలను ఆధారం చేసుకుని ట్రిబ్యునల్ ఆదాయాన్ని నిర్ణయిస్తుంది. ఇంటి పని చేసే గృహిణికి ఆదాయమే లేదనే వాదన కూడా ఇప్పుడు చెల్లదు. ఆమె శ్రమకు విలువ కట్టి పరిహారం ఇవ్వాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆసుపత్రిలో చూపించుకోవడానికి విశాఖ వెళ్లి గాయపడే మన ఆడవాళ్ల విషయంలో ఈ తీర్పు ఎంతగానో ఉపయోగపడుతుంది. కాని వాళ్ల పేరు మీద పిటిషను వేయాలన్న ఆలోచనే ఇళ్లలో రావడం లేదు.

గడువు సంగతి జాగ్రత్తగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా తెచ్చిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు సుమారు మూడు దశాబ్దాల పాటు ఈ కేసులకు గడువు లేదు. అందుకే "ఎప్పుడైనా వేసుకోవచ్చులే" అన్న పాత మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తూ ఉంది. ఆ గడువు చెల్లుబాటును ప్రశ్నిస్తూ దాఖలైన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందున్నాయి. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లను తిరస్కరించవద్దని 2025 నవంబరులో కోర్టు ట్రిబ్యునళ్లకు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. నేను పైన చెప్పిన కుటుంబానికి ఉన్న ఆశ ఇదొక్కటే. అయితే అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే గనుక, కొత్తగా గాయపడినవారు దాని మీద భరోసా పెట్టుకోకుండా ఆరు నెలల లోపే పిటిషను వేసుకోవడం క్షేమం.

నా విన్నపంలో ముఖ్యమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. గాయపడినవాడు కోర్టును వెతుక్కుంటూ రావలసిన పని లేకుండా చట్టమే ఒక దారి వేసి ఉంచింది. అదే 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనలు. ప్రమాదం జరిగిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. పది రోజుల్లోగా బాధితునికి ఫారం-2 ఇవ్వాలి. అందులో అతని హక్కులు ఏమిటో, కేసు ఏ దశ తరువాత ఏ దశకు వెళుతుందో ఉంటుంది. 90 రోజుల్లోగా సమగ్ర ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. పోలీసులు పంపే ఆ నివేదికనే పరిహారపు దరఖాస్తుగా పరిగణించాలని 166వ సెక్షనులోని నాలుగో ఉపవిభాగం చెబుతోంది. ఈ పద్ధతిని దేశమంతటా కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరు 15న గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. సక్రమంగా జరిగితే, మధ్యవర్తి అవసరం లేకుండా బాధితుడి కేసు కోర్టు బల్ల మీదికి వస్తుంది.

జరుగుతున్నది వేరు. ఆ పది రోజుల్లో మనవాడు విశాఖలో ఉండడు. ప్రాథమిక చికిత్స కాగానే ఖర్చు భరించలేక ఇంటికి తెచ్చేస్తారు, లేదా విజయనగరం ఆసుపత్రికి మారుస్తారు. స్టేషనులో రాసిన చిరునామా అతను అద్దెకున్న గదిది, ఫోను నంబరు తోడొచ్చినవాడిది. ఫారం-2 ఎవరి చేతికి ఇవ్వాలి? నేను మాట్లాడిన బాధిత కుటుంబాలలో ఆ కాగితం పేరైనా విన్నవారు లేరు. పోలీసు సిబ్బందిని మాత్రమే తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కొక్క దర్యాప్తు అధికారి మీద ఎన్ని కేసుల భారం ఉంటుందో కోర్టులో పనిచేసిన నాకు తెలుసు. కాని శాశ్వత చిరునామా, గ్రామంలోని బంధువు ఫోను నంబరు తొలిరోజే రాసుకోవడం పెద్ద భారం కాదు. ఆ ఫారాన్ని వాడుక తెలుగులో అచ్చు వేయించి, రోగి మంచం దగ్గరే ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవడమూ పెద్ద భారం కాదు.

ఢీకొట్టి ఆగకుండా పోయిన వాహనం విషయంలో అజ్ఞానం ఇంకా ఎక్కువ. నంబరు తెలియకపోతే కేసే లేదనుకుంటారు. గుర్తు తెలియని వాహనం వల్ల మనిషి చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు ఇవ్వాలని అదే మోటారు వాహనాల చట్టంలోని 161వ సెక్షను చెబుతోంది. 2022 ఏప్రిల్ 1కి ముందు ఈ మొత్తాలు ఇరవై అయిదు వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. దీనికి కోర్టుకు వెళ్లనక్కరలేదు, ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకుంటే విచారణ తరువాత కలెక్టరు మంజూరు చేస్తారు. యాభై వేలు చిన్న మొత్తమేనని ఒప్పుకుంటాను. కాని ఆనందపురం దాటాక జాతీయ రహదారి పక్కన తెల్లవారుజామున నడిచివెళ్లే పాలవాళ్లకు, కూరగాయల గంపలతో బస్సు కోసం నిలబడే ఆడవాళ్లకు ఆ చిన్న మొత్తం కూడా అందడం లేదు.

చికిత్స విషయంలో ఒక మేలు జరిగింది. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహన ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు చికిత్స అందాలి. బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షను రక్షణ కల్పించింది. ఈ రక్షణ గురించి తెలిసి ఉంటే ఆ తోటి కూలీ "జారి పడ్డాడు" అని అబద్ధం చెప్పవలసి వచ్చేది కాదు. ఆసుపత్రిలో మొదట చెప్పిన మాట ఎంత బరువైనదో పాఠకులు గమనించాలని కోరుతున్నాను. వాహనం ఢీకొట్టిందని, ఎక్కడ, ఏ వేళకు జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించుకోవాలి. తరువాత బీమా కంపెనీ న్యాయవాది మొట్టమొదట వెతికేది ఆ వాక్యాన్నే.

ఇంకొక బాధ ఏజెంట్లది. పెద్ద ఆసుపత్రుల ఆవరణల్లో బాధితుల బంధువులను పలకరించి, "ఖర్చంతా మాదే, వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వండి" అంటూ వకాలత్ మీద సంతకం చేయించుకునేవారు ఉన్నారు. వచ్చే సొమ్ములో వాటా కింద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. నిజాయితీగా ఈ కేసులు నడిపే న్యాయవాదులు మా కోర్టులో ఎంతోమంది ఉన్నారు గనుక ఈ మాట బాధతోనే రాస్తున్నాను. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. మన బాధితుల్లో నూటికి ఎనభై మంది ఈ తరగతుల్లోకే వస్తారని చెప్పడానికి నా దగ్గర లెక్కలు లేవు గాని, ఆ వరండాల్లో కూర్చునే మనుషులను చూసినవారెవరికైనా ఆ సంగతి తెలుస్తుంది.

పరిహారం ఒక ఎత్తు, ప్రమాదమే జరగకుండా చూడడం ఒక ఎత్తు. ఈ రెంటికీ మధ్య ఉండవలసిన ముడి మన దగ్గర తెగిపోయి ఉంది. నేను చూసిన ఫైళ్లలో ప్రతివాదులు ఎప్పుడూ డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ. వీధి దీపం వెలగని కూడలి, డివైడరు మధ్య ఎవరో కొట్టిన సందు, మూత లేని కాలువ, వేసిన నెలకే గుంతలు పడిన రోడ్డు ఇవేవీ ప్రతివాదులుగా ఉండవు. బీమా కంపెనీ చెక్కు జమ చేస్తుంది, ఫైలు ముగుస్తుంది, హనుమంతవాకలోనో ఎన్ఏడీ కొత్తరోడ్డులోనో గాజువాకలోనో అదే చోట ఇంకొకరు పడతారు. లోపభూయిష్టంగా రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు, నిర్వహణ సరిగా లేని సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఏ సెక్షను 2019 సవరణలో వచ్చింది గాని, ఆ జరిమానా నిధికి వెళుతుంది తప్ప గాయపడినవాడి చేతికి నేరుగా రాదు. గుంతలో పడి కాలు విరిగినవాడు మునిసిపాలిటీని అడగాలంటే సివిల్ దావా వేయాలి, అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. కాలు విరిగి మంచాన పడ్డ ఆటో డ్రైవరు ఆ ఫీజు ఎక్కడి నుంచి తెస్తాడు?

ప్రజలు తిరిగే చోటును సురక్షితంగా ఉంచే బాధ్యత నగరపాలక సంస్థదేనన్నది కొత్త సూత్రమేమీ కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, అది కూలడమే నిర్లక్ష్యానికి నిదర్శనమని, నష్టపరిహారం కార్పొరేషనే ఇవ్వాలని 1966లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. గుంతల వల్ల, మూతలేని మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోయినవారి కుటుంబాలకు ఆరు లక్షలు, గాయపడినవారికి తీవ్రతను బట్టి యాభై వేల నుంచి రెండున్నర లక్షల వరకు చెల్లించాలని, తరువాత ఆ సొమ్మును బాధ్యులైన అధికారుల నుంచి, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉండాలి. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో గోడ కూలినప్పుడు, నవంబరు 1న కాశీబుగ్గ ఆలయంలో తొక్కిసలాట జరిగినప్పుడు ప్రభుత్వం సాయం ప్రకటించింది. అది మంచిదే. కాని వార్తకెక్కిన ప్రమాదానికి ప్రకటన వస్తుంది. వీధి చివర కాలువలో పడి నడుము విరిగిన ముసలమ్మకు ఎవరు ప్రకటిస్తారు? అధికారుల దయతో పని లేకుండా ఆమె హక్కుగా అడిగి తీసుకోగల దారి కావాలి.

భోగాపురం విమానాశ్రయంతో విజయనగరం, విశాఖల మధ్య రాకపోకలు ఇంకా పెరుగుతాయి. అందువల్ల ఇప్పుడే కొన్ని పనులు జరగాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. ప్రతి ప్రమాదం ఏ చోట జరిగిందో పోలీసులు ఈ-డార్ అనే ఆన్‌లైన్ ప్రమాద నివేదికల వ్యవస్థలో నమోదు చేస్తూనే ఉన్నారు. అందులోంచి వ్యక్తుల వివరాలు తీసేసి, కూడలి వారీగా ప్రమాదాల పట్టికను, ఆ చోట ఏ మరమ్మతు ఎప్పుడు చేశారన్న వివరంతో సహా ప్రతి మూడు నెలలకు పత్రికలకు విడుదల చేయాలి. ట్రిబ్యునళ్లు ఇచ్చే ప్రతి తీర్పు నకలు ఒకటి ఆ రోడ్డును చూసే ఇంజినీరు కార్యాలయానికి వెళ్లాలి. 1923 నుంచి ఉత్తరాంధ్ర పేదలకు పెద్ద దిక్కుగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రిలో మా మూడు జిల్లాలను చూసే న్యాయసేవాధికార సంస్థలు విశాఖ సంస్థతో కలిసి ఒక బల్ల వేసి, ఒక పారాలీగల్ వాలంటీరును, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తను, కూర్చోబెట్టాలి. ఆ మనిషి చేయవలసిన పని చాలా చిన్నది: బాధితుడి సొంత ఊరు, బంధువు ఫోను నంబరు రాసుకోవడం, ఫారం-2 తెలుగులో చదివి వినిపించడం, బిల్లులు ఆ రోజే జిరాక్సు తీయించమని చెప్పడం, సమగ్ర నివేదికను బాధితుడి సొంత జిల్లాకు పంపమని దర్యాప్తు అధికారికి గుర్తు చేయడం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ప్రధాన న్యాయమూర్తులు అనుమతిస్తే, ఆ బల్ల దగ్గర కూర్చుని కాగితాలు సర్దిపెట్టడానికి మాలాంటి విశ్రాంత కోర్టు ఉద్యోగులం కొందరం సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
విశ్రాంత కోర్టు ఉద్యోగి,
విజయనగరం.